సుత్తి ఆగిన గంట

సుత్తి ఆగింది. ఆపమని అడిగింది తనే, పొద్దున్నే కిందికి దిగి రెండు చేతులూ జోడించి మరీ ఒప్పించింది తనే, అయినా తీరా ఆ చప్పుడు ఆగేసరికి కాశమ్మకు ఇల్లంతా ఊపిరి బిగబట్టినట్టనిపించింది. మెట్ల పై గడప మీద, మూసిన తలుపుకు వీపు ఆనించి కూర్చుని ఉంది. ఒడిలో చిలకపచ్చ చీర, వేళ్ళ మధ్య సూది. మిషన్ తొక్కితే చప్పుడవుతుందని ఫాల్‌ను రెండు అంచులూ చేత్తోనే కుడుతోంది. తలుపు అవతల కూతురు షారోన్ ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. ఆ ల్యాప్‌టాప్‌లో ముగ్గురు సార్లు ఉన్నారట, ఒకాయన ఈ ఊళ్ళోనే, ఒకాయన పుణెలో, ఇంకొకాయన ఎక్కడో, ముగ్గురూ కలిసి తన పిల్లను ప్రశ్నలడుగుతున్నారు. వైవా. అన్నీ అయిపోయి ఇదొక్కటే మిగిలింది. ఏ పనిలోనైనా చివర మిగిలిన ఒక్కటే ముంచుతుంది, కాశమ్మకు తెలిసినంతలో లోకం నడిచే తీరు అదే. కుండ ఎప్పుడూ గడప దగ్గరే కదా పగిలేది.

ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్‌లో మాస్టర్స్. ఆ పేరు నోరు తిరగడానికి కాశమ్మకు చాలా కాలం పట్టింది. మిషన్ స్కూల్లో ఏడో తరగతి దాకా చదివిన నోరు అది. పేరు తిరగకపోయినా ఆ చదువు పూర్తి కావడానికి ఏమేం కావాలో మాత్రం ప్రార్థనంత కంఠతా వచ్చేసింది. షారోన్ ఆసుపత్రిలో బిల్లుల కౌంటర్ దగ్గర డ్యూటీ చేసి వచ్చి, కాళ్ళు కడుక్కుంటూ, అన్నం కలుపుకుంటూ చెప్పేది. అందరూ చదవాల్సిన సబ్జెక్టులు కొన్ని ఉంటాయి మమ్మీ, అవి తప్పవు, మనం ఏరుకునేవి కొన్ని, అన్నింటికీ క్రెడిట్లు, మొత్తం మీద సగటు ఒక గీత కిందికి దిగొద్దు, ఒక్క సబ్జెక్టులో తక్కువొచ్చినా మళ్ళీ రాయాలి, చివర్న ఒక ప్రాజెక్టు, దాని మీద రిపోర్టు, రిపోర్టు ఒప్పుకున్నాక వైవా, ఇదంతా వాళ్ళు పెట్టిన గడువులోపల. ఇందులో కాశమ్మకు అర్థం కానిదేమీ లేదు. చీరకు ఫాల్ పడాలి, అంచుకు పికో పడాలి, కొంగుకు కుచ్చులు పడాలి, ఇస్త్రీ అయి మడత పడాలి. ఒక్క కుచ్చు తక్కువున్నా కుట్టుకు చీరలిచ్చే పత్తర్‌గట్టి సేటు చీరను వెనక్కి విసురుతాడు, మిగతాదంతా ఎంత బాగా కుట్టినా సరే. పిల్ల చదువు కూడా అలాంటి చీరే, కాకపోతే నాలుగేళ్ళ పొడవు. స్టాటిస్టిక్స్ అనే దాంట్లో ఒకసారి తక్కువొచ్చినప్పుడు షారోన్ కంచం ముందు కూర్చుని ముద్ద కలుపుతూనే ఉంది, తినలేదు. తండ్రి ప్రేమ్‌రాజ్ నీళ్ళ బోర్డులో లైన్‌మన్, మాటలు తక్కువ మనిషి. వాల్వు ఒకసారికి తిరగకపోతే ఇంకోసారి తిప్పుతం బిడ్డా, అన్నాడు. అంతే. షారోన్ పరీక్ష మళ్ళీ రాసి ఇంకోసారి తిప్పింది. అందుకే గడువు ఇంత దగ్గరికొచ్చి కూర్చుంది. ఇవాళ తప్పితే ఇంకో వైవాకు వేళ ఉండదు, గడువు దాటితే చదివిన క్రెడిట్లు కూడా పాతబడి పోతాయట. క్రెడిట్లు పాతబడతాయా, పచ్చళ్ళా అవి, అని ఆరోజు నవ్వింది కాశమ్మ. నవ్వి, వంటింట్లోకి పోయి గోడకు చేయి ఆనించి నిలబడింది.

ప్రభువా, కరెంటు పోకూడదు. పోయినా ఫరవాలేదు, కింద జహంగీర్ భాయ్ దుకాణంలోని ఇన్వర్టర్ నుంచి కిటికీలోంచి వైరు లాగి పెట్టాడు. ఆ వైరును ఎలుక కొరికితే? పగటిపూట ఎలుక రాదు. పిల్లి వచ్చి ప్లగ్గు మీద దూకితే? పిల్లి సంగతి ఆలోచించలేదు. ఇంటర్నెట్ పోతే తన ఫోన్ వాడుకొమ్మని ప్రేమ్‌రాజ్ ఫోన్ ఇచ్చేసి డ్యూటీకి వెళ్ళాడు. ఇప్పుడాయనకు ఏమన్నా అయితే ఎవరు ఎవరికి చెప్పాలి? మ్యాన్‌హోల్ మూత తీసి పెట్టి ఎవరితోనో మాట్లాడుతూ వెనక్కి అడుగేస్తే? వద్దు, అటు పోకు, అని మనసును కొంగు పట్టి లాగింది. కాశమ్మ ఫోన్ మోగుతుందేమోనని స్విచ్చాఫ్ చేసి, అదీ చాలదనిపించి బియ్యం డబ్బాలో పెట్టింది. చర్చిలో ఒకావిడ చెప్పింది, వాళ్ళబ్బాయి ఉద్యోగం ఇంటర్వ్యూ ఇంట్లోంచే ఇస్తుంటే వీధిలో కుక్క మొరిగిందట, ఉద్యోగం పోయిందట. కుక్క మొరిగితేనే పోయేది సుత్తి మోగితే ఉంటుందా? ఆ మాట విన్నప్పటి నుంచి కాశమ్మకు నిద్ర లేదు. ఎందుకంటే ఈ ఇంటి కిందే జహంగీర్ వరఖ్ దుకాణం. వెండి ముక్కను కాగితాల మధ్య పెట్టి, తోలు సంచిలో కట్ట కట్టి, రాతి దిమ్మ మీద పెట్టి, పొద్దున్నుంచి పొద్దుమునిగేదాకా సుత్తితో కొట్టి కొట్టి ఊదితే ఎగిరిపోయే రేకు చేస్తాడు. మిఠాయిల మీద, ఖీర్ మీద మెరిసేది అదే. హుస్సేనీ ఆలంలో ఈ గల్లీకి గడియారం అవసరం లేదు, ఆ సుత్తి చాలు. కాశమ్మ పెళ్ళయి ఈ ఇంట్లోకి వచ్చిననాడు మోగుతున్నది ఇవాళ్టిదాకా మోగుతూనే ఉంది. షారోన్ పుట్టి ఆసుపత్రి నుంచి వచ్చిననాడూ మోగింది, గుక్కపెట్టి ఏడుస్తున్న పసిగుడ్డు మంచంలో పడుకోబెట్టగానే...

అదే సుత్తిని ఆపమని ఇవాళ పొద్దున తాను అడిగింది. షారోన్‌కు చెప్పలేదు. చెప్తే వద్దంటుంది, అనవసరంగా వాళ్ళ పని చెడగొట్టకు మమ్మీ అంటుంది. జహంగీర్ దిమ్మ ముందు కాళ్ళు చాపుకుని టీ తాగుతున్నాడు.

“భాయ్, ఇయ్యాల మధ్యాహ్నం ఒక్క గంట సుత్తి ఆపుతవా? పిల్లకు ఆఖరి పరీక్ష. కంప్యూటర్ల సార్లు అడుగుతరు.”

“అరె, గింతేనా? నేను ఇంటి కిరాయి పెంచుమంటవేమోననుకున్న.”

“కిరాయికి ఉన్నది నువ్వు, పెంచాలంటే పెంచుత గని నిన్ను అడుగుతనా?”

“గదే కదా, భయపడ్డ.” టీ గ్లాసు కింద పెట్టి నవ్వాడు. “పరేషాన్ కాకు కాశమ్మక్కా. షారోన్ బిటియా పరీక్ష అంటే నా పరీక్షే. నువ్వు పైనుంచి చెయ్యి ఊపు, ఆపేస్త.”

ఆ మనిషి అలాంటివాడు. ఈ గల్లీలో కాశమ్మకు దొరికిన మనుషులంతా అలాంటివాళ్ళే. చిన్నప్పుడు షారోన్‌కు జ్వరమొచ్చి ఫిట్స్ వస్తే చొక్కా కూడా వేసుకోకుండా ఎత్తుకుని పరుగెత్తింది జహంగీరే. అతని భార్య అజ్మతున్నీసా తన పిల్లలతో పాటు షారోన్‌కూ జడలేసింది, క్రిస్మస్‌కు కేకు ఎప్పుడని షారోన్ కంటే ముందు తనే అడిగేది. దేవుడు మనకు ఇచ్చినవి లెక్కపెట్టుకోవాలి అంటాడు పాస్టరు. కాశమ్మ లెక్కపెట్టదు. లెక్కపెడితే దిష్టి తగులుతుంది.

కింది మెట్ల మీద చెప్పుల చప్పుడు. కాశమ్మ వేలు పెదవుల మీద పెట్టుకుంది. అజ్మతున్నీసా చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, దొంగలా, తన భారీ శరీరాన్ని ఒక్కో మెట్టూ ఎక్కించుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది.

“ఏమంటున్నరు?” చెవిలో అడిగింది.

“ఇంగ్లీష్‌ల అంటున్నరు.”

“అది నాక్కూడ వినబడుతుంది. మంచిగ అంటున్నరా, కోపంగ అంటున్నరా?”

“నాకు అందరూ కోపంగ అన్నట్టే వినిపిస్తది ఆపా.”

అజ్మతున్నీసా కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. తర్వాత ఇంకొంచెం వంగి, “నీకు చెప్పొద్దన్నడు మా ఆయన. నేనెట్ల చెప్పకుండ ఉంట? పొద్దుగాల నుంచి కొట్టి కొట్టి వేడి మీదున్న కట్ట అది. షాదీ ఆర్డర్. మధ్యల ఆపితే సల్లారిపోయి రేకు ఒకదిక్కు మందంగ నిలుస్తదట, మల్ల కొట్టినా పోదట. అయినా ఆపిండు. నేను పోయి చూస్తే దిమ్మ ముందట చేతులు కట్టుకొని కూసున్నడు, స్కూల్ల సార్ ముందట కూసున్నట్టు.”

కాశమ్మ సూది ఆగిపోయింది. “అయ్యో. ముందుగాల ఎందుకు చెప్పలే? వేరే కట్ట పట్టుకుంటుండె కదా.”

“నువ్వు చేతులు జోడిస్తివట గద. ఆయనకు ఇగ ఏం తోస్తది? ఫికర్ చేయకు, పాడైతే మనమే తిందాం.”

ఆమె వచ్చినట్టే చెప్పులు పట్టుకుని దిగిపోయింది. కాశమ్మ చీర మీద వేళ్ళు పరిచి కూర్చుంది. ఒకరి వెండి ఆపి తన బిడ్డకు నిశ్శబ్దం కొన్నట్టయింది. ఈ నిశ్శబ్దమన్నా పనికి రావాలి. లోపలి నుంచి షారోన్ గొంతు వస్తోంది. మొదట్లో బాగానే ఉండింది, నీళ్ళ ధారలా. ఇప్పుడు తెగుతోంది. ఒక మాట, ఆగుతుంది. ఇంకో మాట, ఆగుతుంది. ఒక మగ గొంతు ఏదో అడిగింది. షారోన్ చప్పుడు లేదు. మళ్ళీ అడిగింది. “సారీ సర్,” అంది షారోన్. ఆ రెండు మాటలు కాశమ్మకు తెలుసు. “సారీ,” మళ్ళీ. కుర్చీ కదిలిన చప్పుడు. అంతే, అయిపోయింది, ముందే అనుకుంది, గడప దగ్గర కుండ. మంచినీళ్ళు లోపల పెట్టిందా? పెట్టింది. గొంతు ఎండిందేమో. లేక కళ్ళు తిరిగాయేమో, పొద్దున ఇడ్లీ సగం వదిలేసింది. తలుపు తోసుకుని వెళ్తే? వెళ్తే ఆ ముగ్గురు సార్లూ తనను చూస్తారు, పాత నైటీలో, జుట్టు రేగి, తల్లి ఇలా ఉందని పిల్లకు మార్కులు తగ్గిస్తారు. లోపల ఎంత నిశ్శబ్దంగా ఉందంటే గోడ గడియారం చప్పుడు తలుపు ఇవతలికి వినిపిస్తోంది. ఆ గడియారానికి చప్పుడుందని ఈ ఇంట్లో ఎవరికీ ఇన్నేళ్ళూ తెలియదు.

ఏమడుగుతున్నారో ఏమో. ప్రాజెక్టు గురించే అయి ఉంటుంది. ఆ ప్రాజెక్టు సంగతి కాశమ్మకు బాగా తెలుసు, కావాలనుకోకపోయినా తెలుసు, ఎందుకంటే అది తమ ఇంటి సంగతే. పెద్ద గుంపుల్లో, బోనాలకో మొహర్రంకో రంజాన్ బజారుకో వచ్చి తప్పిపోయిన పిల్లల గురించి. పేర్లు చాటే ఒక మైకు దగ్గర పిల్ల ఏడుస్తుంటే తల్లి ఇంకో మైకు దగ్గర ఏడుస్తుంది, ఒక మైకువాళ్ళ కబురు ఇంకో మైకువాళ్ళకు తెలియదు. అన్ని మైకులకూ ఒకటే కబురు చేరేట్టు చేయడమే ఆ సిస్టమ్. షారోన్ ఆ మాట చెప్పిన రోజు కాశమ్మ పోపు మాడబెట్టింది. షారోన్ అప్పుడు నాలుగేళ్ళ పిల్ల. రంజాన్ చివరి రోజుల్లో ఒక సాయంత్రం, సేటుకు చీరలు అప్పజెప్పడానికి పత్తర్‌గట్టికి తీసుకెళ్ళింది. చీరల మూట ఒక చేతిలో, పిల్ల వేలు ఒక చేతిలో. జనం అల విరుచుకుపడ్డట్టు వచ్చారు, మూట చేతిలోనే ఉంది, వేలు లేదు. అత్తరు వాసన, హలీం వాసన, గాజుల మెరుపు, ఎక్కడ చూసినా ఎర్ర గౌను, ఒక్కటీ తన పిల్లది కాదు. మదీనా చౌరస్తా మైకు దగ్గర తాను నిలబడి పేరు చెప్తుంటే చార్మినార్ వైపు మైకు ఇంకెవరి పేరో అరుస్తోంది. మూసీలో పడేశారు, రైలెక్కించేశారు, కళ్ళు తీసేశారు, ఎన్ని రకాలుగా పిల్ల చచ్చిపోవచ్చో అన్ని రకాలుగా ఆ గంటలో చంపుకుంది తల్లి. చివరికి ఒక గాజులమ్మే ఆవిడ చెప్పింది, ఆ సందులో వరఖ్ కొట్టే ముసలాయన దుకాణం ముందు ఒక చిన్నపిల్ల కూర్చుందని. పరుగెత్తింది. ఉంది. మెట్టు మీద, మోకాళ్ళ మీద గడ్డం పెట్టుకుని, కళ్ళు సగం మూతలు పడి. లోపల ముసలాయన సుత్తి కొడుతూనే ఉన్నాడు, చెమటలు కారుతున్నాయి, దుకాణంలో మిగతావాళ్ళంతా ఇఫ్తార్‌కు లేచిపోయారు, ఆయన ఒక్కడే ఒక ఖర్జూరం నోట్లో వేసుకుని కొడుతున్నాడు. కాశమ్మ పిల్లను ఎత్తుకుని వెర్రిగా ముద్దులు పెడుతుంటే, ఇంకా చేయి ఆపకుండానే అన్నాడు, “ఈ చప్పుడు విని తనే వచ్చి కూసున్నది తల్లీ. సుత్తి ఆపి, పేరేంది బిడ్డా అని అడిగిన. ఏడ్వబట్టింది. మల్ల కొట్టిన, ఊకున్నది. ఇగ గందుకే ఆపలే. నువ్వొచ్చేదాంక ఆపొద్దనుకున్న.”

ఆయన పేరు కూడా అడగలేదు కాశమ్మ. మరుసటి వారం వెళ్తే దుకాణానికి తాళం ఉంది, ఆయన ఊరు వెళ్ళాడన్నారు. ఇన్నేళ్ళుగా ప్రార్థనలో పేరు లేని ఆ మనిషికి ఒక వాక్యం ఉంది. సుత్తి ఆపని ఆ తండ్రిని చల్లగా చూడు ప్రభువా. ప్రతి రాత్రీ ఆ వాక్యం...

సుత్తి ఆపని.

కాశమ్మ చీర ఒడిలోంచి జారిపోయింది. ఆపిన, ఏడ్వబట్టింది. మల్ల కొట్టిన, ఊకున్నది. అయ్యో తల్లీ. అయ్యో నా తెలివి తెల్లవార. ఈ పిల్ల పుట్టి పెరిగింది, అఆలు దిద్దింది, ఎక్కాలు చదివింది, పదో తరగతి రాసింది, రెండోసారి స్టాటిస్టిక్స్ గెలిచింది ఆ చప్పుడులోనే కదా. ఊపిరి సుత్తితో తీసుకుని సుత్తితో వదిలిన పిల్ల. దాని కాళ్ళ కిందినుంచి నేల లాగేసి, నిలబడు బిడ్డా, అన్నది ఎవరు? కుక్క కాదు, కరెంటు కాదు, పిల్లి కాదు. తాను. లోపల మళ్ళీ, “సారీ సర్, వన్ మినిట్.”

కాశమ్మ మెట్లు దిగిందో జారిందో తెలియదు. దారం తెగిన సూది ఇంకా వేళ్ళ మధ్యే ఉంది. జహంగీర్ నిజంగానే చేతులు కట్టుకుని కూర్చుని ఉన్నాడు, ఎదురుగా సంచిలో కట్ట. అరవకూడదు. పిడికిలి బిగించి అరచేతిలో కొట్టి చూపింది. అతను తెల్లబోయాడు.

“అయిపోయిందా?”

“కొట్టు,” గాలి మాత్రమే వచ్చింది గొంతులోంచి. “భాయ్, కొట్టు.”

“ఆపమంటివి, ఇప్పుడు కొట్టమంటివి. ఎవ్వలనన్న కొట్టాల్నా, వరఖే కొట్టాల్నా?”

“నీ కాళ్ళు మొక్కుత, సుత్తి కొట్టు. ఎప్పటి లెక్కనే. పిల్ల మాట ఆగిపోయింది.”

జహంగీర్ ఆమె ముఖం కేసి ఒక్క క్షణం చూశాడు.  బిస్మిల్లా అనుకుని సుత్తి ఎత్తాడు.

ఠక్. ఠక్. ఠక్. తిరిగి పైకెక్కుతుంటే ఆ దెబ్బలు మెట్లలోంచి అరికాళ్ళలోకి, మోకాళ్ళలోకి వచ్చాయి. గడప మీద కూలబడి తలుపుకు చెవి ఆనించింది. ఏమీ లేదు. దెబ్బ. దెబ్బ. తప్పు చేశానేమో, ఉన్నది కూడా పోగొట్టానేమో, ఇప్పుడు ఆ పుణె సారు చెవులు మూసుకుని ఫెయిల్ అని రాస్తున్నాడేమో. దెబ్బ. అప్పుడు షారోన్ గట్టిగా ఊపిరి వదలడం వినిపించింది. తర్వాత మాట. మెల్లగా, ఒక్కొక్కటిగా, దెబ్బకూ దెబ్బకూ మధ్య కాలు మోపుతున్నట్టు. తర్వాత వేగంగా. కాశమ్మకు ఒక్క ముక్క అర్థం కాలేదు, కాని ఆ నడక తెలుసు. ఎక్కాలు అప్పజెప్పేటప్పటి నడక అది. చార్మినార్ అంది, పత్తర్‌గట్టి అంది, మైక్ అంది. మగ గొంతు ఏదో అడిగింది, అందులో సౌండ్ అనే మాట ఉంది. కాశమ్మ గుండె మళ్ళీ గడప దాటబోయింది. షారోన్ నవ్వింది. నవ్వుతూ ఏదో చాలాసేపు చెప్పింది, అందులో మై హౌస్ అంది, జహంగీర్ చాచా అంది, ఆ మగ గొంతు కూడా నవ్వింది. దూరంగా మసీదులో, పొద్దు వాలే వేళ చేసే అసర్ నమాజుకు అజాన్ మొదలైంది. అది వైవా మధ్యలో వస్తుందని నిన్న రాత్రంతా భయపడింది కాశమ్మ. ఇప్పుడు రానీ అనుకుంది. రానీ, అన్నీ రానీ, కుక్కను కూడా మొరగనీ. కళ్ళలోంచి నీళ్ళు గడప మీదున్న చిలకపచ్చ చీర మీద పడ్డాయి. సేటు చూస్తే మరక అంటాడు. అననీ. ఆ ముసలాయనకు పెట్టుకోలేకపోయిన దండాన్ని కింద జహంగీర్ భాయ్‌కి, మెట్లెక్కిన అజ్మతున్నీసా ఆపాకు, వాల్వు మళ్ళీ తిప్పుదామన్న ప్రేమ్‌రాజ్‌కు, కనబడని పుణె సారుకు కూడా పెట్టుకుంది, అవే వేళ్ళతో, సూదితో సహా.

తలుపు తెరుచుకుంది. తలుపుకు ఆనుకుని ఉన్న కాశమ్మ కూతురి కాళ్ళ మీద పడింది.

“అయిపోయింది మమ్మీ. పాస్ అన్నరు. అన్నీ అయినయ్, ఇగ ఏం మిగల్లే.”

“సంతకాలు పెట్టిన్రా?”

“పెడతరు.”

“పేరు తప్పు పడితే?”

“మమ్మీ!” షారోన్ కింద కూర్చుని తల్లిని గట్టిగా పట్టుకుంది.  “మధ్యల చాచా ఎందుకు ఆపిండు? నాకు ఒక్కసారి అంతా ఖాళీ అయిపోయింది. ఏం జరిగిందో, ఎవరికేమైందోనని భయమేసింది.”

ఎవరికేమైందోనని. తన గొంతే కూతురి నోట్లోంచి వచ్చినట్టు విని కాశమ్మ నవ్వబోయి ఏడ్చింది. “నేనే ఆపిచ్చిన బిడ్డా,” అంది. షారోన్ తల వెనక్కి వాల్చింది. తర్వాత తల్లి వేళ్ళ మధ్య ఇంకా ఉన్న సూదిని మెల్లగా తీసి పక్కన పెట్టింది.

సాయంత్రానికి అజ్మతున్నీసా ఖీర్ గిన్నె మోసుకొచ్చింది, ఈసారి చెప్పులు టపటపలాడించుకుంటూ. పైన వరఖ్. “ఆ కట్టదే. అమ్ముడువోదు, తినుండ్రి,” అంది. వెనకే జహంగీర్ గుమ్మంలో నిలబడి భార్యను కళ్ళతో గదమాయిస్తున్నాడు. రేకు ఒక పక్క ఊపిరికే చెదిరేంత పల్చగా ఉంది. ఇంకో పక్క, అంచు దగ్గర, ఒక మందపాటి చార. కాశమ్మ పల్చటి వైపు కూతురికి పెట్టింది. మందపు అంచును చెంచాతో తన వైపుకి లాక్కుని నోట్లో వేసుకుంది. మామూలు వరఖ్ నాలుకకు తగలక ముందే మాయమైపోతుంది. ఇది పోలేదు. నాలుక మీద చల్లగా, కాసేపు అలాగే నిలిచింది. కాశమ్మ కళ్ళు మూసుకుని అది కరిగేదాకా ఆగింది.